ఫాల్గుణం పెట్టెలోని చీర

మా మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఆదోనిలో పత్తి వ్యాపారం జోరుగా సాగిన రోజుల్లో కట్టిన గోదాము, దాని మేడ మీద రెండు గదులు, పన్నెండు అద్దాల పెట్టెలు, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను ఒకటి. ఊళ్లు తిరిగి వస్తువులు సేకరించడం, వాటిని రిజిస్టరులో ఎక్కించడం, నాలుగు ముక్కల వివరం రాసి కింద అతికించడం నా ఉద్యోగం. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, మగ్గం మీద కూర్చోనని మొండికేసి చదువుకున్నవాణ్ని. రోజూ పొద్దున బస్సెక్కి ఆదోని పోతాను, సాయంత్రం తిరిగి వస్తాను. నాకు ముక్కు మీద కోపం. రిజిస్టరులో ఒక గడి ఖాళీగా కనబడితే ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడను.

పన్నెండు పెట్టెలు పన్నెండు నెలలకు. ఆ ఆలోచన నాదే. చైత్రంలో పాత పంచాంగాలు, ఉగాదినాడు వాటిని పెట్టుకుని చదివే చెక్క పీఠం. భాద్రపదంలో మట్టి వినాయకుణ్ణి చేసే అచ్చు. ఆశ్వయుజంలో పది తలల తోలుబొమ్మ రావణుడు, రెండు తలలు ఎలుకలు కొట్టేసినవాడు. కార్తీకంలో ఆకాశదీపం పెట్టే ఇత్తడి బుట్ట. అంతా కుదిరిందని మురిసిపోతుంటే కాపలా చాచా వచ్చి, మా పీరును ఏ నెలలో పెడతావని అడిగాడు. చాచాది ఆదోనే. వాళ్ల ఇంట్లో తరతరాలుగా మొహర్రానికి పీరు ఎత్తుతారు. హస్తంలో ఒక వేలు విరిగితే పక్కన పెట్టిన పాత పీరును మ్యూజియానికి ఇచ్చింది ఆయనే. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది కాబట్టి ఆ పీరు ఏ పెట్టెలోనూ స్థిరంగా ఉండదు. రెండు మూడేళ్లకోసారి చాచా దాన్ని ఎత్తి వెనక పెట్టెలోకి మారుస్తాడు. మార్చేటప్పుడు వీపు చూపించడు, నాలుగడుగులు వెనక్కి నడిచి అప్పుడు తిరుగుతాడు. నేను ఆయన్ని ఆట పట్టించేవాణ్ని.

దాదాపు ఖాళీగా మిగిలింది ఫాల్గుణం ఒక్కటే. అందులో ఎవరో చేత్తో రాసుకున్న కాముని దహనం నాటకం నోటుబుక్కు ఉండేది. మన్మథుడు బూడిదయ్యాక రతీదేవి ఏడ్చే పేజీల దగ్గర కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి. అంత పెట్టెకు ఒక్క నోటుబుక్కు ఏం ఆనుతుంది? ఫాల్గుణానికి సరైన వస్తువు కోసం నేను ఆదోనికి అవతల, కన్నడం తెలుగు కలిపి మాట్లాడే ఒక ఊరికి వెళ్లాను.

ఆ ఊళ్లో హోళీ వేరుగా ఉంటుంది. మొక్కుకున్న మగవాళ్లు ఆ రోజు చీరలు కట్టుకుంటారు. గాజులు, పూలు, ముక్కెర అన్నీ పెట్టుకుని, పళ్లెంలో ఓళిగలు, అంటే బొబ్బట్లు, పట్టుకుని రతీమన్మథుల గుడికి నడిచిపోయి పూజ చేస్తారు. మీసాలున్నవాళ్లు మీసాలతోనే పోతారు. వేషం కాదు అది, మొక్కు. ఏ పనికి మొక్కుకున్నారో తీరేదాకా ఎవరికీ చెప్పరు. చీర కొంగులో ముడుపు కట్టుకుంటారు, అనుకున్నన్ని ఏళ్లూ కట్టుకున్నాక కట్టినవాడే ఆ ముడి విప్పి దేవుడి ముందు పెడతాడు.

ఒక ఇంట్లో పెద్ద కొడుకు నన్ను పక్కకు పిలిచి, మా తమ్ముడి మొక్కు చీర ఉంది, తీసుకుపొమ్మన్నాడు. ఆ తమ్ముడు ఐదేళ్ల మొక్కులో నాలుగేళ్లు కట్టుకున్నాడు. నాలుగో ఏడు అయ్యాక, వచ్చిన సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, ఊరివాళ్లతో కలిసి గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి పోయాడు. ఒక మధ్యాహ్నం నీళ్లు తెస్తానని చేను దాటి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. ఫోను పలకలేదు. పోలీసులు రాసుకున్నారు, అంతే. రెండేళ్లయింది. ఎవతెతోనో పోయింటాడని అన్న అంటాడు. ఆ చీర ట్రంకుపెట్టెలో ఉన్నంతకాలం ఇంట్లో పూల వాసన వస్తూనే ఉంటుందని ఆయన భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయింది.

చీర బయటికి తెచ్చింది తల్లి. అరవై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. చీర చూడగానే మా ఎమ్మిగనూరు మగ్గం మీద నేసిందని నాకు తెలిసిపోయింది. మెంతి రంగు, ఎర్రటి అంచు, కొంగు చివర నిమ్మకాయంత ముడి. ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు, ఇంట్లో ఉంచుకునే దారీ లేదు. ముడి మీద చెయ్యి పెట్టి చెప్పింది.

"దీన్ని మాత్రం ముట్టగాకు నాయనా. కట్టినోడే ఇప్పల్ల. వాడొచ్చినాంక వాడే ఇప్పుతాడు."

ముట్టనని మాట ఇచ్చాను. నేను గేటు దాటుతుంటే ఆమె వెనక వచ్చి ఇంకో మాట చెప్పింది. సుగ్గికి పోయే రోజు పొద్దున ఆమె కొడుకుని తిట్టింది. ఏటా చీర కట్టుకుని తిరిగితే నీకు పిల్లనెవరు ఇస్తారు, ఈ యేడుతో చాలించమని. వాడు బదులు పలకకుండా సంచి భుజాన వేసుకుని పోయాడు. నామీద కోపంతోనే రాలేదేమో, నీకేమనిపిస్తుంది అని అడిగింది. ఊరు పేరు తప్ప ఏమీ తెలియని నన్ను! అట్లా ఏం ఉండదమ్మా అని ఏదో అనేసి ఆటో ఎక్కాను.

మూతబడ్డ బట్టల షాపు నుంచి ఒక తల లేని బొమ్మను తెచ్చి చీర కట్టి ఫాల్గుణం పెట్టెలో నిలబెట్టాం. బ్రహ్మాండంగా కుదిరింది. రిజిస్టరులో పొడవు, వెడల్పు, రంగు, పోగుల లెక్క అన్నీ రాశాను. 'ముడుపులో ఉన్నవి' అనే గడి దగ్గర ఆగిపోయాను.

రెండు వారాలు ఓర్చుకున్నాను. తర్వాత నాకు నేనే ఒక సాకు వెతుక్కున్నాను. ముడుపులో బియ్యం ఉంటాయి, బియ్యానికి పురుగు పడుతుంది, పురుగు చీరను తింటుంది, చీరను కాపాడటం నా ధర్మం. ఇదీ ఆ సాకు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది, చాచా నమాజుకు వెళ్లాడు, మేడ మీద నేనొక్కణ్నే. పెట్టె తాళం తీసి ముడి మీద వేళ్లు వేశాను. ఆరేళ్లుగా బిగిసిన ముడి, మొండికేస్తుందని పటకారు కూడా పక్కన పెట్టుకున్నాను. అవసరం రాలేదు. వేలు తగలగానే అదే వదులైంది.

లోపల గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము, ఒక రూపాయి బిళ్ల, నాలుగు మడతలు పెట్టిన కాగితం. బియ్యానికి పురుగు లేదు. కాగితం విప్పి చదివాను. కర్నూలు పెద్దాసుపత్రి చీటీ అది. పేరు, వయసు, ఆడవాళ్ల వార్డు. పేరు ఆ తల్లిది. ఆరేడేళ్ల కింద ఆమె కర్నూల్లో నెల రోజులు పడుకుందని, డాక్టర్లు ఆశ వదులుకుని ఇంటికి పంపేస్తే తనంతట తానే లేచి కూర్చుందని చీర ఇచ్చిన రోజే పెద్ద కొడుకు నాకు చెప్పాడు. ఎవరికీ చెప్పని ఆ మొక్కు అమ్మ కోసం మొక్కుకున్నది. చాలించమని ఆమె తిట్టింది కూడా దాన్నే.

గబగబా అన్నీ తిరిగి పెట్టి ముడి వేశాను. వేశాక చూస్తే అది మా నేతగాళ్లు వేసే ముడి, చిన్నగా అణిగి ఉంది. నా వేళ్లకు వేరే ముడి రాదు. ముడి లోపలి వైపుకు తిప్పి తాళం వేసేశాను. ఆ గడి మాత్రం నింపలేదు.

మర్నాడు పొద్దున బొమ్మ భుజం మీది కొంగు జారి కింద పడి ఉంది. పిన్నీసు పెట్టాను. ఆ మర్నాడు మళ్లీ జారింది, పిన్నీసు మూసినది మూసినట్టే పెట్టె అడుగున ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. గంజి పోయి బట్ట మెత్తబడిందని సర్దిచెప్పుకుని రెండు పిన్నీసులు పెట్టాను. రెండూ కింద పడ్డాయి. ముడి చుట్టూ గోరంత పసుపు మరక ఒకటి కొత్తగా కనబడింది. మగ్గాల ఇంటి బుద్ధి కదా, స్కేలు తియ్యకుండా నూలుపోగుతో కొలిచి పోగును అక్కడ తుంచాను. వారం తర్వాత అదే పోగు చాలలేదు. ఆదోనిలో మార్గశిరం, గదిలో చెమ్మ అన్న మాటే లేదు, పెదవులు పగిలే పొడి గాలి. ఆ పొడి గాలిలో పొడి బట్ట మీద మరక వారానికి బియ్యపు గింజంత పెరుగుతూ వచ్చింది.

పూల వాసన సంగతి నేను చెప్పను. వచ్చిందని ఒట్టు పెట్టలేను, రాలేదనీ పెట్టలేను. కనకాంబరాలకు వాసన ఉండదని అందరికీ తెలుసు. ఆ గదిలోకి వెళ్లిన ప్రతిసారీ నాకు కనకాంబరాలే గుర్తుకొచ్చేవి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆ తల్లి. నెలకోసారి ఆదోని సంతకు వచ్చినప్పుడు మేడ ఎక్కేది. చెప్పులు మెట్ల కింద విడిచి, పెట్టెకు రెండు బారల దూరంలో నిలబడేది. చీరను చూసి, నావైపు తిరిగి ఎప్పుడూ ఒకే మాట అడిగేది, వానికి నామీద కోపమా అని. జవాబు నా దగ్గరే ఉంది. చెప్పాలంటే ముడి విప్పానని చెప్పాలి. టీ తాగుతారా అమ్మా అనేవాణ్ని. నా మీద నాకే అసహ్యం వేసేది, ఆ అసహ్యం ఇంటికెళ్లి నా భార్య మీద కోపంగా తీర్చుకునేవాణ్ని.

చాచాకు నేను ఏమీ చెప్పలేదు, ఆయనా ఏమీ అడగలేదు. ఒక పొద్దున నేను నాలుగో పిన్నీసు పెడుతుంటే వెనక నుంచి అన్నాడు.

"ఆ యమ్మకు సెప్పల్సింది ఏందో నీ దగ్గర పెట్టుకోని, నువ్వు సీరకు పిన్నులు పెడతాండావు. అది యాడ నిలుస్తాది అప్పా?"

ఆయనకు ఎట్లా తెలుసని నేను అడగలేదు. పీరును మార్చేటప్పుడు ఆయన వెనక్కి నడిచేది గుర్తొచ్చింది. ఆ రోజు నుంచి ఆట పట్టించడం మానేశాను.

మాఘం చివర్లో ఆమె వచ్చింది. ఈసారి దూరంగా నిలబడలేదు. హోళీ దగ్గర పడుతోంది, ఒక్కసారి ముట్టుకుంటానని అడిగింది. కాదనడానికి నాకు ఏ నోరు ఉంది? తాళం తీశాను. ఆమె జారిన కొంగును ఎత్తి, ముడిని అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని వేళ్లతో తడిమింది. వేళ్లు ఆగిపోయాయి. మళ్లీ తడిమింది. కళ్లు తెరిచినప్పుడు ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడని వెలుగు కనబడింది. వాడు ఎప్పుడూ రెండు చుట్లు చుట్టి కడతాడని, ఇది విప్పి మళ్లీ కట్టిన ముడి అని అన్నది.

"నువ్వు ముట్టనని మాటిచ్చినావు. అంటే వాడే వచ్చినాడు గదా?"

నేను పలకలేదు. పలకకపోవడాన్ని ఆమె అవునని అనుకుంది. ఆ వెలుగు అట్లాగే కాసేపు ఉండి, తర్వాత నా కళ్లెదుటే ఆరిపోయింది. కొంగు వదిలేసి, నడిచి వెళ్లి మెట్ల మీద కూర్చుంది.

"ఆదోని దాకా వచ్చినోడు ఇంటికి రాకనే పోయినాడే" అన్నది.

అరిచి ఏడ్చినా ఇంత బాధ ఉండేది కాదు. మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు అన్నది. నేను మాట దాటేసిన నెలలన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఆమె కింది మెట్టు మీద కూర్చున్నాను. పై మెట్టు మీద కూర్చునే అర్హత లేదనిపించింది.

"వాడు రాలేదమ్మా. ఇప్పింది నేను."

ఆమె తిడుతుందని కాచుకున్నాను. తిట్టలేదు. లోపల ఏముందని అడిగింది. పైకి వెళ్లి ముడి విప్పి చీటీ తెచ్చి చదివాను. పేరు చదివితే, అది నా పేరేనా అని అడిగింది. మీ పేరేనమ్మా అన్నాను. వయసు చదివాను, వార్డు చదివాను. చీటీలో చదవడానికి ఇంకేమీ లేదు. ఆమె ఇంకోసారి చదవమంది. మూడుసార్లు చదివాను. ఆమె చీటీని తీసుకుని కళ్లకు అద్దుకుని నాకే తిరిగి ఇచ్చింది. అన్నిట్నీ మళ్లీ ముడుపులో కట్టమంది. కట్టాను. లేచి, చెప్పులేసుకుంటూ చెప్పింది.

"ఇప్పినోడే ఐదో యేడు కట్టుకోవల్ల. హోళీకి రా."

రావాలో వద్దో ఆలోచించుకునే సందు ఆమె ఇవ్వలేదు. చీర కట్టుకోవడమేంటని ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వులాటకు నేనూ నవ్వాను. లోపల మాత్రం భయం. వేరే వాడి మొక్కు మధ్యలోకి పోతున్నానని, అక్కడికి పోయాక నేను నేనుగా తిరిగి వస్తానో లేదోనని. చదువుకున్నవాణ్ని, ఇట్లాంటివి నమ్మనని చెప్పుకునేవాణ్ని. నమ్మని వాడికి ఆ వారమంతా నిద్ర ఎందుకు పట్టలేదో మరి.

హోళీ పొద్దున ఆమే నాకు చీర కట్టింది. కుచ్చిళ్లు పోసి, కొంగు భుజం మీద వేసి, ముడుపు నడుము దగ్గర దోపింది. పసుపు మరక అప్పటికి అరచెయ్యంత ఉంది. పిన్నీసు పెట్టనా అని నేనడిగితే అక్కర్లేదంది. తలలో పూలు పెట్టింది, గాజులు తొడిగింది. పెద్ద కొడుకు గడప అవతల నిలబడి చూశాడు, లోపలికి రాలేదు. ఆమె చేతులు నా ముఖానికి పసుపు రాస్తుంటే కళ్లు నన్ను కాకుండా నా వెనక ఎంతో దూరాన ఎవరినో చూస్తున్నాయి.

వీధిలో సందడిగా ఉంది. నల్లద్దాలు పెట్టుకుని పట్టుచీరల్లో మగవాళ్లు, వాళ్లను ఫోన్లలో తీసుకునే కుర్రాళ్లు, పక్క ఊళ్ల నుంచి వచ్చిన జనం, పళ్లేల్లో ఓళిగల మీద కాచిన నెయ్యి వాసన, డోలు మోత. ఆ గోలలో నేను పళ్లెం పట్టుకుని నడిచాను. ఆమె నా వెనక నడిచింది. కొంగు జారలేదు. పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది, నడుము దగ్గర ముడుపు మాత్రం బావిలోంచి తీసినంత చల్లగా ఒంటికి తగులుతోంది. గుడి మలుపు దగ్గర మా ముందున్న గుంపు ఆగింది. డోలు వాళ్లు చేతులు మార్చుకోవడానికి ఆపారు. ఒక్క నిమిషం అంతా నిశ్శబ్దమైంది.

వెనక నుంచి ఆమె పిలిచింది. నా పేరు కాదు, వాడి పేరు. వీధి మధ్యలో, అందరూ వినేట్టుగా పిలిచి అడిగింది.

"నామీద కోపంగా ఉండావా నాయనా?"

ఇంకొకరి తల్లికి ఇంకొకరి బదులు జవాబు చెప్పే హక్కు నాకు లేదని, నోరు మూసుకుని నడవాలని అనుకున్నాను. అనుకుంటూనే ఉన్నాను.

"లేదమ్మా. నీమీద నాకేం కోపం."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. గొంతు కూడా నాదే. అయితే అనాలని నేను అనుకోలేదు, వినేదాకా అన్నట్టు నాకు తెలియదు కూడా. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. డోలు మళ్లీ మొదలైంది, ముందు గుంపు కదిలింది.

"సరే పా" అన్నది ఆమె.